రెండో అధ్యాయం

మా పాస్టరుగారు కూతురి పురిటికని ఊరెళ్తూ ఆ ఆదివారం వాక్యం నన్ను చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి, మైకంటే బెరుకేం లేదు. పైగా ఒంగోల్లో పుట్టి పెరిగిన బాప్టిస్టుని. విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు, మా ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఉండనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం వరండాలో కుర్చీ వేసుకుని యాకోబు పత్రిక తెరిచాను. అంతా కలిపి అయిదే అధ్యాయాలు. నాకు కావలసింది రెండోది. విశ్వాసం నోట్లో ఉంటే చాలదు, చేతల్లో కనపడాలని చెప్పేది అందులోనే. మూడోది నాలుక గురించి. దాన్ని మా కమిటీ మీటింగుకి దాచుకున్నాను. అయిదోది డబ్బున్నవాళ్ల మీద. చేలు కోసినవాళ్ల కూలి బిగబట్టారని దులిపేస్తాడు. మా సంఘంలో చేలు కోయించే ఆసాములెవరున్నార్లెమ్మని దాటేశాను.

పెరట్లో పలుగు చప్పుడు. వంటింటి నీళ్లు వీధి కాలవలో కలిసేలా పైపు వేయిస్తున్నాం. మొగుడూ పెళ్లాలిద్దరూ రెండ్రోజులుగా తవ్వుతున్నారు, మా గుడివాళ్లే. నల్లరేగడి ఎండకి బిగుసుకుపోయి పలుగు పోటుకి పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. ఆవిడ తట్టకెత్తి గోడవారగా పోస్తోంది. నేను క్లౌ దొర తవ్వించిన కాలవ గురించి రాస్తుంటే పక్కన కాలవ తవ్వే చప్పుడు వినపడటం కూడా దేవుడి ఏర్పాటేననిపించింది.

దొర ఆ కాలవ తవ్వించింది 1876లో మొదలైన కరువులో. బకింగ్‌హాం కాలవ పనిలో మూడున్నర మైళ్ల తవ్వకం దొర తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. బోధకుల్ని మేస్త్రీలుగా నిలబెట్టాడు. ఆకలికి ఊళ్లు విడిచినవాళ్లంతా ఆ గట్టుకి చేరారు. మా తాతయ్య తండ్రి అక్కడే తట్ట మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని, కరువు పనులు నడిచినన్నాళ్లూ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాతే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఈ అంకె చెప్పి ఆగిపోతారు. నన్నడిగితే అంతకు ముందున్న కాలవే గొప్పది. అందుకే ఇలా రాసుకున్నాను: పస్తున్నవాడి చేతిలో దొర పెట్టింది కరపత్రం కాదు, కూలి డబ్బులు. నాకే ముచ్చటేసి కింద గీత గీసుకున్నాను.

"మేష్టారూ, పనైపోయిందండి."

తలెత్తాను. మోకాళ్ల దాకా మట్టి. ఇద్దరికీ రెండ్రోజుల కూలి 2,800 రూపాయలు. డబ్బు బీరువాలో ఉంది. కానీ లేవాలి, లోపలికెళ్లాలి, తాళంచెవి ఎక్కడ పెట్టానో వెతకాలి. ఈలోగా వరసలో వస్తున్న ఆలోచన కాస్తా తెగిపోతుంది.

"వాక్యం రాసుకుంటున్నానయ్యా. రేపు గుడికొస్తారుగా, అప్పుడు చూద్దాం."

అతను ఓ క్షణం నిలబడ్డాడు. బజారుకని వెంట తెచ్చుకున్న సంచీని ఆవిడ నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. సరేనండీ అని వెళ్లిపోయారు.

ఆదివారం వాక్యం నేననుకున్నదానికన్నా బాగా కుదిరింది. గుండ్లకమ్మ దగ్గరకొచ్చేసరికి ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. గీత గీసిన మాట రెండుసార్లు చెప్పాను. వెనకాల చాప మీద అతను బైబిలు తెరిచి, అక్షరాల మీద వేలు నడుపుకుంటూ కూర్చున్నాడు. పక్కన ఆవిడ లేదు. కానుకల సంచి నా ముందుకొస్తే అయిదొందల నోటు వేశాను, నలుగురూ చూసేలాగే.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడ్డాను. చెయ్యి కలిపినవాళ్లు కలుపుతున్నారు, పాస్టరుగారు తిరిగి రాకపోయినా ఫర్వాలేదన్నవాళ్లు అంటున్నారు. అందరూ వెళ్లాక అతనొచ్చాడు.

"వందనాలు మేష్టారూ. రెండో అధ్యాయం చాలా బాగా చెప్పారండి."

సంతోషం అన్నాను. అతను కదల్లేదు. మూసిన బైబిల్లో వేలు ఇంకా అలాగే ఉంది.

"అయిదోది ఎప్పుడు చెబుతారండీ?"