నేను చెప్పిన సగం మాట

2009లో కీబోర్డు ఉన్న స్మార్ట్‌ఫోన్ కొనాలనుకున్నప్పుడు నేను అడగని మనిషి లేడు. ఆఫీసులో అడిగాను, బంధువుల్లో అడిగాను, రైల్లో పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో అలాంటి ఫోన్ కనిపిస్తే పరిచయం లేకపోయినా అడిగాను. అందరూ నిజమే చెప్పారు. అయినా నాకు పనికిరాని ఫోనే కొన్నాను. అది చిన్న తెలివితక్కువతనం. ఆ తర్వాత నా అభిప్రాయం అడిగిన ఒక పెద్దాయనకి సగం మాట చెప్పి ఊరుకున్నాను. అది పెద్దది. ఈ రెండో సంగతి ఇన్నేళ్లుగా మనసులో పెట్టుకునే తిరిగాను. ఇక దాచుకోలేక రాస్తున్నాను.

కీబోర్డు మీద అంత మోజు ఎందుకో ఇప్పటి పిల్లలకి అర్థం కాకపోవచ్చు. అప్పటి మామూలు ఫోన్‌కి పన్నెండు బటన్లు ఉండేవి. ఒక్కో అంకె మీద మూడో నాలుగో ఇంగ్లీషు అక్షరాలు. ఎస్ కావాలంటే 7ని నాలుగుసార్లు నొక్కాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘నమస్తే’ అని కొట్టడానికి పన్నెండు నొక్కులు పట్టేవి. టీ9 అనే సదుపాయం ఉండేది. ఒక్కో బటన్‌నీ ఒక్కసారి నొక్కితే చాలు, మాటని అదే ఊహించేది. కానీ అది ఊహించేది ఇంగ్లీషు నిఘంటువు చూసి. మనం తెలుగు మాట మొదలుపెడితే ఏదో ఇంగ్లీషు మాట తెచ్చి ఎదురుగా పెట్టేది. అందుకే ఇంగ్లీషులో చకచకా సందేశాలు పంపేవాళ్లు కూడా తెలుగులో నాలుగు ముక్కలు రాయాలంటే విసుగుపడేవాళ్లు.

నేను పత్రికలకి వ్యాసాలు రాసుకునేవాణ్ణి. రోజూ లింగంపల్లి నుంచి నాంపల్లికి ఎమ్‌ఎమ్‌టీఎస్ రైల్లో వెళ్లిరావడం. సీటు దొరికితే బోలెడంత సమయం. ఆ సమయంలో రాసుకోగలిగితే ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి. ఒక్కో అక్షరానికి ఒక్కో బటన్ ఉన్న ఫోన్ చూడగానే నాకోసమే చేశారనిపించింది.

ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పారు. మా ఆఫీసు సేల్స్ విభాగంలో ఒకాయన బ్లాక్‌బెర్రీ వాడేవాడు. మెయిల్ వచ్చీరాగానే ఫోన్‌లో కనిపిస్తుందని, రెండు బొటనవేళ్లతో నిలబడే జవాబివ్వొచ్చని, కాకపోతే దానికి నెలనెలా విడిగా ప్లాన్ వేయించుకోవాలని వివరంగా చెప్పాడు. అకౌంట్స్‌లో ఒకావిడ దగ్గర నోకియా ఈ71 ఉండేది. 2008లో వచ్చిన ఫోన్ అది. సన్నటి లోహపు ఒళ్లు, తెర కింద వరసలుగా చిన్నచిన్న బటన్లు. బ్యాటరీ బాగా ఆగుతుందని, బటన్లు చూడకుండానే వేళ్లకి అలవాటైపోతాయని ఆవిడ మాట.

న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య టీ-మొబైల్ జీ1 కొన్నాడు. 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్ అది. రెండేళ్ల ఒప్పందం రాసిస్తే ధర 179 డాలర్లు. తెరని పక్కకి జరిపితే కింద ఐదు వరసల కీబోర్డు బయటపడేది. వచ్చిన కొత్తలో ఆ ఫోన్‌కి తెర మీద కీబోర్డే లేదు. ఒక్క అక్షరం కొట్టాలన్నా తెర జరపాల్సిందే. 2009లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5తో ఆ లోటు తీరింది. అన్నయ్యకి మాత్రం తెర జరిపి రాయడమే ఇష్టం. “కంప్యూటర్ ముందు కూర్చున్నట్టే ఉంటుందిరా” అన్నాడు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఒక్కడే అడ్డం చెప్పాడు. “మావయ్యా, కొన్నాళ్లు ఆగు. ఇక అంతా టచ్చే వస్తుంది.” వాడి మాట నేను చెవిన పెట్టలేదు. 2007 జనవరిలో ఐఫోన్‌ని చూపిస్తూ స్టీవ్ జాబ్స్ వాదించింది కూడా అదే. కావాలన్నా వద్దన్నా బటన్లు ఆ ప్లాస్టిక్‌లో అలాగే ఉండిపోతాయి, ఏ పనికైనా అవే బటన్లు, వాటిని మార్చే వీలు లేదు అన్నది ఆయన వాదన సారాంశం. అది చదివి, అద్దం మీద వేలితో రాయడం రాసేవాళ్లకి పనికొచ్చే సంగతి కాదని నేను తీర్మానించేశాను. రాత గురించి నాకు తెలిసినంత వాళ్లకేం తెలుసునన్న అహం.

ఇంతమందిని ఇన్ని అడిగాను. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, బటన్లు గట్టిగా ఉంటాయా, పాడైతే బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా, ధర తగ్గుతుందా. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అది అడగలేదు. ఇందులో తెలుగు కనిపిస్తుందా? వాళ్లలో ఎవరూ తమంతట తాము ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం వాళ్ల తప్పు కాదు. ఫోన్‌లో తెలుగు చదవాల్సిన అవసరం వాళ్లకెప్పుడూ రాలేదు. మెయిల్ కోసం కొన్నవాడు మెయిల్ గురించి చెప్పాడు, బ్యాటరీ కోసం కొన్నావిడ బ్యాటరీ గురించి చెప్పింది. నా అవసరం ఏమిటో నేను చెప్పకుండా, వాళ్ల అవసరాలకి సరిపోయిన జవాబులన్నీ కూడుకుని నా నిర్ణయం అనుకున్నాను.

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొన్నాను. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం. ఫోన్ మంచిదే, చేస్తానన్న పనులన్నీ చేసింది. ఇంటికొచ్చి ముందుగా నా వ్యాసం ఉన్న పేజీ తెరిచాను. తెర నిండా డబ్బాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

నాకు తెలియని విషయం అయ్యుంటే ఇంత బాధ ఉండేది కాదు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లో తెలుగు సరిగ్గా కనిపించాలంటే భాషల సెట్టింగుల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల కోసం విడిగా టిక్కు పెట్టాలి. ఎందరి ఇళ్లలోనో ఆ పని నేనే చేసిపెట్టాను. తెలుగుకి ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు. గుణింతం హల్లుకి అతుక్కోవాలి, ఒత్తు కిందకి దిగాలి, ఆ అమరిక చేసే ఏర్పాటు యంత్రంలో ఉండాలి. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, ఈకారపు గుర్తు కలిసిన ఆరు సంకేతాలు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, యూనికోడ్ సందేశంలో 70 సంకేతాలే పడతాయి. అందులో ఆరు ఈ ఒక్క అక్షరానికే పోతాయి. ఇవన్నీ తెలిసిన నేను, తెలుగు రాసుకోవడానికని ఫోన్ కొంటూ, కొట్లోనే ఒక తెలుగు పేజీ తెరిచి చూడలేదు. కీబోర్డు చూసిన సంతోషంలో కళ్లు మూసుకుపోయాయి.

తర్వాత దారులు వెతికాను. ఒపెరా మినీ బ్రౌజర్‌లో లోపలి సెట్టింగు ఒకటి మారిస్తే, సంక్లిష్ట లిపుల అక్షరాలని బొమ్మలుగా మార్చి పంపేది. అలా తెలుగు చదవడం వీలైంది. అది ఆ బ్రౌజర్ వరకే. సందేశాల్లో, మెయిల్లో డబ్బాలు అలాగే ఉన్నాయి. రాయడానికి ఇంకో దారి పట్టాను. ఇంగ్లీషు అక్షరాలని తెలుగులోకి మార్చే లేఖిని అనే వెబ్‌పేజీ వాడేవాళ్లకి తెలిసిన పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాణ్ణి. కల, కళ, కాల వేరువేరుగా రావాలంటే మధ్యమధ్య పెద్దక్షరాలు పడాలి, ప్రతిదానికీ షిఫ్ట్ నొక్కాలి. అలా రైల్లో రాసింది నాకు నేనే మెయిల్ చేసుకుని, రాత్రి ఇంట్లో కంప్యూటర్ తెరిచి లేఖినిలో అతికిస్తే అప్పుడు తెలుగయ్యేది. కష్టమే అయినా పని జరిగేది. కొన్ని వ్యాసాలు నిజంగానే అలా రాశాను. రైలు కుదుపుల్లో కూడా వేలికింద బటన్ తెలిసేది. అది ఆ కీబోర్డు గొప్పతనమే, కాదనను.

ఇక రెండో సంగతి. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు తెనాలిలో ఉంటారు. అప్పటికే రిటైరై పెన్షన్ మీద ఉన్నారు. పద్యాలు రాసి నోటుపుస్తకాల్లో దాచుకునేవారు. పాత శిష్యులకి పండగలకి ఒక పద్యం పంపాలని ఆయన సరదా. కార్డు ముక్కల మీద రాసి పోస్టు చేసేవారు. నా ఫోన్ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఒకరోజు ఫోన్ చేశారు.

“అక్షరానికో బటన్ ఉన్న ఫోన్ కొన్నావటగా నాయనా. ఎలా ఉంది? అందులో తెలుగు వస్తుందా?”

నేను ఎవర్నీ అడగని ప్రశ్న ఆయన మొదటిమాటలోనే అడిగారు. “రాసుకోవచ్చు మాస్టారూ. నా వ్యాసాలు అందులోనే రాస్తున్నాను” అన్నాను.

అందులో అబద్ధం ఒక్క మాట లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలని చెప్పలేదు. తర్వాత కంప్యూటర్లో మార్చుకుంటే తప్ప తెలుగు కాదని చెప్పలేదు. అవతలివాళ్ల ఫోన్‌లో డబ్బాలే కనిపిస్తాయని చెప్పలేదు. మాస్టారి ఇంట్లో కంప్యూటర్ లేదని నాకు తెలుసు. ఆయన నన్ను నమ్మి అలాంటిదే కొనుక్కున్నారు.

కొన్న తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. “ఇందులో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి నాయనా. తెలుగెక్కడుందో నాకు తెలియడం లేదు. నువ్వొచ్చినప్పుడు చూపించు” అన్నారు. నిందించలేదు. లోపం తనదే అనుకున్నారు. అది నన్ను నిందించినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది. తెనాలి వెళ్లాను, ఆయన పక్కన కూర్చున్నాను, ఇంగ్లీషు అక్షరాలతో ఒక పద్యపాదం కొట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదవబోయి, “ఇది పద్యంలా లేదురా” అని ఫోన్ పక్కన పెట్టేశారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. “నేనూ మోసపోయాను మాస్టారూ, మిమ్మల్నీ అందులోకి దింపాను” అనొచ్చు. ఆ డబ్బు నేనిస్తాననొచ్చు. అలవాటైతే వస్తుందని చెప్పి లేచి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. జీతంలో పెద్ద భాగం పెట్టి కొన్నాను. ఇంటిల్లిపాదికీ దాని గొప్ప చెప్పాను. ఇప్పుడు కాదంటే నా తెలివి మీద నాకున్న నమ్మకం పోతుంది. అందుకే అడిగినవాళ్లందరికీ దాన్ని పొగుడుతూ వచ్చాను. పొగిడిన ప్రతిసారీ నా కొనుగోలు సరైనదేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. వస్తువు గురించి మనం చెప్పే అభిప్రాయంలో సగం దానికి పెట్టిన డబ్బు మాట్లాడుతుంది. మిగతా సగమే అనుభవం. వినేవాళ్లకి ఏది ఏదో తెలిసే దారి లేదు. చెప్పేవాడే విడదీసి చెప్పాలి.

ఆ రోజుల్లో నేను అర్థం చేసుకోనిది ఇంకొకటుంది. ప్లాస్టిక్ మీద అచ్చువేసిన అక్షరం మారదు. నేను కొన్న ఫోన్ మీద ఇరవయ్యారు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉన్నాయి. తెలుగుకి అక్కడ చోటు లేదు, ఇకముందు వచ్చే వీలూ లేదు. నేను తీసిపారేసిన అద్దానికి ఆ కట్టుబాటు లేదు. ఏ భాషకి ఆ భాష బటన్లు తెర మీద గీసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 1.5 నుంచే బయటివాళ్లు కూడా కీబోర్డులు తయారుచేసి ఇవ్వడానికి వీలు కలిగింది. అక్షరాల అమరిక కుదరడానికి ఇంకొంత కాలం పట్టినా, కుదిరాక తెలుగు కీబోర్డులు వరసగా వచ్చాయి. ఐఐటీ బొంబాయి వాళ్ల స్వరచక్రలో హల్లు మీద వేలు పెడితే దాని గుణింతం చుట్టూ చక్రంలా విచ్చుకుంటుంది. పలక మీద గుణింతాలు దిద్దినవాళ్లెవరికైనా అది చూడగానే అర్థమవుతుంది. ఏ ప్లాస్టిక్ బటనూ ఆ పని చేయలేదు. మేనల్లుడి మాట విని ఆగి ఉంటే నాకూ మాస్టారికీ కూడా మేలు జరిగేది.

మాస్టారు ఇప్పుడు మనవరాలు పెట్టిచ్చిన తెలుగు కీబోర్డుతో టచ్ ఫోన్‌లో పద్యాలు రాస్తున్నారు. ఒత్తులు, అరసున్నలతో సహా చక్కగా వస్తున్నాయి. ఈమధ్య వెళ్లినప్పుడు అప్పటి సంగతి మొత్తం చెప్పి క్షమించమన్నాను. “అప్పుడే చెప్పి ఉంటే అంగడివాడికి తిరిగిచ్చేసేవాణ్ణి కదరా” అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన పెన్షన్ డబ్బు పోయింది నా మౌనం వల్ల.

మీరు ఏదైనా కొనేముందు నలుగురినీ అడగండి, తప్పులేదు. అడిగేముందు అది మీకెందుకో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పని కొట్లో నిలబడి మీ చేత్తో చేసి చూడండి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే, మీరు ఆ వస్తువుని దేనికి వాడుతున్నారో చెప్పండి. అది ఏం చేయలేదో ముందు చెప్పండి, ఏం చేస్తుందో తర్వాత చెప్పండి. చెప్పడానికి సిగ్గేస్తే నాకు తెలియదనండి. అడిగినవాళ్లు మన మాట మీద వాళ్ల డబ్బు పెడతారు.