పని అందక ఆగిన కార్డు

మా అక్క కొడుకు చేత నేను అనవసరంగా ఒక గ్రాఫిక్స్ కార్డు అమ్మించి, ఇంకొకటి కొనిపించాను. డబ్బు వాడిది. డిగ్రీ చదువుకుంటూ, సాయంత్రాలు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకున్నది. మొదటి కార్డులో ఏ లోపమూ లేదు. ఆ సంగతి చెప్పే ఆధారం నా కళ్లముందే ఉంది. దాన్ని చూస్తూనే తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

ఖమ్మంలో వాడి దగ్గరున్నది ఏదో ఆఫీసు వాడుకుని వదిలేసిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్. 2013 నాటి కోర్ ఐ5-4570 ప్రాసెసర్. నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్ ఒక్కటి, మామూలు హార్డ్ డిస్క్. ఇలాంటి మెషీన్లకు మన దగ్గర చాలామంది కుర్రాళ్లు జీటీఎక్స్ 1650 పెట్టుకుంటారు, వాడూ అదే పెట్టుకున్నాడు. అందుకు గట్టి కారణమే ఉంది. 2019లో వచ్చిన ఆ కార్డుకు 75 వాట్లు చాలు. అంత కరెంటు మదర్‌బోర్డు స్లాట్ నుంచే అందుతుంది కాబట్టి చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చే ఖర్చూ ఉండదు. మెమరీ 4 జీబీ. పీసీలోకి 2015లో వచ్చిన జీటీఏ 5 లాంటి ఆటను 1080పీలో ఆడించడానికి అది నిజంగా మంచి కార్డు.

"జీటీఏ 5 సిటీలో కారు స్పీడుగా పోనిస్తుంటే ఉండుండి ఆగిపోతోంది మామయ్యా" అన్నాడు వాడు. మా ఇంట్లో ప్రింటర్ మొరాయించినా, ఎవరి ఫోను నిండిపోయినా నన్నే పిలుస్తారు. ఆ పిలుపు నాకు ఇష్టం. అందుకే వాడు చెప్పింది పూర్తిగా వినకముందే జవాబు చెప్పేశాను: కార్డు చిన్నది, దాని మీద భారం తగ్గించాలి.

ఇక మొదలుపెట్టాను. టెక్స్చర్లు, నీడలు, గడ్డి అన్నీ అడుగుకి దించాను. విండోస్ రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే వీడియో మెమరీ పెరుగుతుందని ఎక్కడో విని అదీ చేశాను. ఆ అంకె ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ తన మెమరీ ఇంత అని ఆటకు చెప్పుకునే లెక్క మాత్రమే. విడిగా పెట్టిన కార్డుకు దానితో సంబంధమే లేదు. బోర్డు మీద టంకం వేసిన చిప్పులు రిజిస్ట్రీలో ఏం రాసినా పెరగవు. గేమ్ బూస్టర్ అనే ప్రోగ్రాము వేశాను. అప్పటికే ఊపిరాడని ప్రాసెసర్ మీద అది ఇంకో బరువైంది. కార్డు క్లాకులు పెంచాను. ఇన్నింటిలో పనికొచ్చింది ఫ్యానులో దుమ్ము దులపడం ఒక్కటే. ఖమ్మం ఎండల్లో ఇరుకు క్యాబినెట్‌లోని కార్డు వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది.

చివరికి రిజల్యూషన్ కూడా 1080పీ నుంచి 720పీకి దించాను. 1080పీలో ఒక్కో ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు గీయాలి. 720పీలో 9,21,600. కార్డు పని సగానికన్నా తక్కువైంది. బొమ్మ మసకబారింది. ఆగిపోవడాలు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఆ క్షణం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. పని సగం తగ్గించినా వేగం పెరగలేదంటే ఆ పని చేసేవాడి దగ్గర ఆలస్యం లేదన్నమాట. నేనేమో "చూశావా, 720పీ కూడా లాగలేకపోతోంది" అన్నాను. వాడు నమ్మాడు.

అసలు జరుగుతున్నది వేరు. ప్రతి ఫ్రేముకు ముందు ప్రాసెసర్ కూర్చుని రోడ్డు మీద ఏ కారు ఎక్కడుంది, ఏ మనిషి ఎటు నడుస్తున్నాడు, ఏది దేనికి తగిలింది అని లెక్కలు కట్టాలి. ఆ తర్వాత ఏమేం గీయాలో కార్డుకు ఆదేశాలు పంపాలి. ఈ లెక్కలకు రిజల్యూషన్‌తో దాదాపు సంబంధం లేదు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు ఎంత చురుకైనా, గాడిపొయ్యి మీద అన్నం ఉడకందే విస్తట్లోకి రాదు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. మధ్యలో ఒక్క ఫ్రేముకు ప్రాసెసర్ వంద మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు పెద్దగా కదలదు, కంటికి మాత్రం కారు ఆగినట్టే ఉంటుంది. నేను తెర మూలన కనిపించే సగటు అంకెనే చూస్తూ కూర్చున్నాను.

నా సలహా మీద వాడు 1650 అమ్మేశాడు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొన్నాం. దాని గురించి నేను చెప్పింది "కొత్తది, 2022లో వచ్చింది" అని. అంతకుమించి చదవలేదు. దానికి 6 పిన్నుల పవర్ కేబుల్ కావాలి. వాడి ఎస్‌ఎంపీఎస్‌లో అది లేదు. ఎస్‌ఎంపీఎస్ మారుద్దామంటే, ఆ ఆఫీసు బోర్డుకు అందరూ వాడే 24 పిన్నుల సాకెట్ కాకుండా 8 పిన్నులది ఉంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో పాటు కన్వర్టర్ కేబుల్ కూడా కొన్నాం. ఖర్చు మీద ఖర్చు.

ఇంకో సంగతి కొన్నాక తెలిసింది. ఆ కార్డు 16 లేన్ల స్లాట్‌లో కూర్చున్నా వాడుకునేవి నాలుగే లేన్లు, అంటే డేటా నడిచే దారులు నాలుగే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో పెడితే ఆ నాలుగూ చాలావరకు సరిపోతాయి. వాడిది 3.0 బోర్డు. అక్కడ ఆ దారి సగానికి, సెకనుకు సుమారు 4 జీబీలకు తగ్గిపోతుంది. టెక్స్చర్లు కార్డులోని 4 జీబీ దాటి ర్యామ్ నుంచి రావలసి వచ్చిందంటే ఆ ఇరుకు దారిలో ఇరుక్కుంటాయి. పాత 1650 పూర్తి 16 లేన్లు వాడుకునేది. ఆ బోర్డుకు అదే సరైన కార్డు. మంచి దాన్ని అమ్మించి, ఆ మెషీన్‌కు నప్పనిదాన్ని తెచ్చిపెట్టాను.

కొత్త కార్డుతోనూ కారు అలాగే ఆగింది.

తర్వాత నేను లేనప్పుడు వాడే చేశాడు, నేను మొదటి రోజు చేయవలసిన పని. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచాడు. 2017 నుంచీ విండోస్ 10లో అక్కడే గ్రాఫిక్స్ కార్డు వాడకమూ కనిపిస్తోంది. ప్రాసెసర్ 100 శాతం దగ్గర నిలబడి ఉంది. కార్డు సగం పనితో ఖాళీగా ఎదురుచూస్తోంది. ఫోన్ చేసి, నొప్పి కలగకుండా చెప్పాలని కాబోలు, మెల్లగా అడిగాడు: "మామయ్యా, కార్డు సంగతి కాదేమో కదా?"

ఆ మాటకి నాకు వెంటనే జవాబు రాలేదు.

బాగుపడింది చిన్న పనులతోనే. రెండో 8 జీబీ స్టిక్ పెట్టాం. పాతది దొరికింది, కార్డు ధరలో పదో వంతు కూడా కాలేదు. ఒక్క స్టిక్ ఉంటే డీడీఆర్3-1600 మెమరీ సెకనుకు 12.8 జీబీలే అందిస్తుంది. జతగా సరైన స్లాట్లలో పెడితే 25.6. ప్రాసెసర్ ఎదురుచూపు అక్కడ కొంత తగ్గింది. జీటీఏ 5లో జన సాంద్రత, దూరాల వివరాలు ప్రాసెసర్ మీద పడే సెట్టింగులు, వాటిని దించాడు. గడ్డి, నీడలు కార్డు పని, వాటిని నేను దించిన చోటు నుంచి మళ్లీ పైకి తెచ్చాడు. టెక్స్చర్లను మెనూలో కనిపించే మెమరీ గీత 4 జీబీ లోపలే ఉండేలా ఆపాడు. రివాట్యూనర్ అనే ప్రోగ్రాముతో ఫ్రేములను సెకనుకు 50 దగ్గర కట్టేశాడు. నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్ కదా, రద్దీ కూడళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా తడబడుతుంది. కానీ కారు సాఫీగా వెళ్తోంది, బొమ్మ 1080పీలో తేటగా ఉంది.

అక్కకి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక తెలిసినట్టు మాట్లాడానని కూడా చెప్పాను. ఆ కార్డు, ఎస్‌ఎంపీఎస్, కేబుల్ డబ్బు ఇవ్వబోతే వాడు తీసుకోలేదు. "అంతగా ఇవ్వాలనుంటే ఎస్‌ఎస్‌డీ కొనిపెట్టండి" అన్నాడు. సరేనని ఫోన్ తీసి వెతకబోతుంటే ఆగమన్నాడు. ముందు ఆటలో ఊరంతా ఒక చుట్టు తిరిగి, హార్డ్ డిస్క్ వాడకం ఎక్కడెక్కడ 100కి చేరుతోందో చూసి రాసుకున్నాడు. మూత తీసి సాటా పోర్టు ఒకటి ఖాళీగా ఉందని చూపించాడు. అప్పుడు ఆర్డరు పెట్టాను.