ఒసాకా కరెంటుతో ఘంటసాల పాట

ఈబే అనే ప్రపంచ సంత 1995లో తెరుచుకున్నప్పుడు అందులో అమ్ముడైన తొలి సరుకు ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్ అని చెబుతారు. ధర 14 డాలర్ల 83 సెంట్లు. "అయ్యా, ఇది పనిచేయదు, చూసుకున్నారా?" అని సంత పెట్టిన పియరీ ఒమిడ్యార్ కొన్నాయన్ని అడిగితే, తాను పాడైపోయినవే పోగేస్తుంటానని జవాబు వచ్చిందట. ధన్యజీవి! తన ఇంటికి ఏం వస్తోందో తెలిసి కొన్నాడు. తర్వాత వచ్చిన మనమంతా పనిచేసేవే కొంటున్నామనుకుంటూ పాడైపోయినవే పోగేస్తున్నాం.

మా నాన్నగారు ఆస్తి కింద ఒక బీరువా నిండా గ్రామఫోన్ రికార్డులు వదిలి వెళ్లారు. వాటిని వినిపించే యంత్రాన్ని మాత్రం వదల్లేదు. జపాన్ వాళ్లు వస్తువుని పసిపిల్లలా చూసుకుంటారని లోకంలో పేరుంది కదా అని ఒసాకాలో ఒకాయన అమ్మకానికి పెట్టిన పాత రికార్డ్ ప్లేయర్ మీద కన్నేశాను. ఫొటోలు అచ్చం పెళ్లిసంబంధానికి పంపినట్టే ఉన్నాయి. ఎదురుగా ఒకటి, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, మూత తీసి ఒకటి, మూత వేసి ఒకటి. వీపు మాత్రం ఏ ఫొటోలోనూ లేదు.

ధర చూస్తే ముచ్చటేసింది. విమానం ఛార్జీ చూస్తే చెమటలు పట్టాయి. మన కస్టమ్స్ వారి లెక్కలో ఈ ఛార్జీ కూడా వస్తువు విలువలో భాగమే, కాబట్టి ఆకాశంలో ప్రయాణించినందుకూ సుంకం కట్టాలి. పోనీ, డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి చేత కానుకగా పంపిద్దామా అంటే ఆ దారీ మూసేశారు. కానుక పేరుతో సుంకం లేకుండా తెప్పించుకోవడం 2019 డిసెంబరు నుంచి నిషేధం. ప్రాణరక్షక మందులకీ రాఖీలకీ మినహాయింపు ఉంది. రాఖీకి అంటే రాఖీకే, దాంతోపాటు పెట్టిన కానుకకి కాదని కూడా అందులో రాశారు. ఆ వాక్యం రాసిన అధికారికి చెల్లెళ్లూ, వాళ్ల అన్నయ్యల ఎత్తులూ బాగా తెలుసు.

ఆధార్ పంపాను, పాన్ పంపాను, సంతకం సరిపోలేదంటే మళ్లీ సంతకం పంపాను. ఒసాకా నుంచి మన దేశానికి రెక్కలు కట్టుకుని వచ్చిన పెట్టె విమానాశ్రయం నుంచి మా ఇంటికి మోకాళ్ల మీద నడిచి వచ్చింది.

జపాన్ గోడల్లో ఉండేది 100 వోల్టులు, మన గోడల్లో 230. ఆ మాత్రం తెలుసు కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి వోల్టులు దించే ట్రాన్స్‌ఫార్మర్ ముందే కొనిపెట్టాను. ప్లేయర్‌ని ఒంటి చేత్తో ఎత్తొచ్చు గాని ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అంతా అమర్చి, అమ్మని పిలిచి కూర్చోబెట్టి, ఘంటసాల గారి రికార్డు పెట్టాను.

పాట మొదలైంది. ఘంటసాల గారు నిద్రమాత్ర వేసుకుని పాడుతున్నారు. పి. లీల గారి రికార్డు మారిస్తే ఆవిడ గొంతులోంచి కూడా ఘంటసాల గారే వచ్చారు. అమ్మ కాసేపు ఓపికపట్టి, "ఒరేయ్, వీళ్లకి జలుబు చేసిందా?" అంది.

యంత్రాన్ని చంకన పెట్టుకుని మళ్లీ కోఠీకే పరుగెత్తాను. మెకానిక్ దాన్ని బోర్లించి, వీపు మీద చీటీ చదివి, నవ్వాడు. "ఇది ఒసాకాది సార్. టోక్యోది తెప్పించుకుని ఉంటే ఈ గోలే లేకపోయేది."

టోక్యో, ఒసాకా ఒకే దేశం కాదా అంటారేమో. కరెంటు విషయంలో కాదు. 1890లలో టోక్యో వాళ్లు జర్మనీ నుంచి జనరేటర్లు తెచ్చుకున్నారు, ఒసాకా వాళ్లు అమెరికా నుంచి. అందుకే ఈనాటికీ తూర్పు జపాన్‌లో 50 హెర్ట్జ్, పడమట 60. మనదీ 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుంది గాని హెర్ట్జ్ జోలికి పోదు. ఈ రకం మోటారేమో కరెంటు ఎంత తాళం వేస్తే అంతే తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగలేదు. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి జారింది. జర్మనీ వాడికీ అమెరికా వాడికీ నూట పాతికేళ్లకు పైబడి ఉన్న పోటీలో దెబ్బతిన్నది మాత్రం మా ఘంటసాల గారు!

మెకానిక్ లేత్ మెషిన్ దగ్గర ఆరింట ఒక వంతు తక్కువ పడిన ఆ వేగానికి సరిపడా కొంచెం లావుపాటి ఇత్తడి పుల్లీ చేయించి, మోటారుకి తగిలించాడు. ఘంటసాల గారు మేలుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ తీసుకుని అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ మెకానికే.

జపాన్ నుంచి రికార్డ్ ప్లేయర్ కొనాలనుకునేవారికి ఒక్క మాట. అమ్మేవాణ్ణి ముందు వీపు ఫొటో అడగండి. డైరెక్ట్ డ్రైవ్ రకమైతే సాధారణంగా హెర్ట్జ్ బాధ ఉండదు. బెల్టు రకమైతే చీటీ మీద 50, 60 రెండూ ఉన్నాయో లేదో చూడండి, ఆ రెంటికీ ఎలా మార్చాలో కూడా అడగండి. 60 ఒక్కటే ఉంటే, అమ్మేవాడికి ఎన్ని నక్షత్రాలున్నా దండం పెట్టి వదిలేయండి.