కొనేవాడికి దొరక్కుండా వెబ్‌సైట్ కట్టడం ఎలా?

మీది రాజమండ్రిలో ఓ పచ్చళ్ళ కొట్టు అనుకుందాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి, సీజన్లో కాస్త కొరివికారం. కొట్టుకొచ్చినవాళ్ళు చిటికెడు అరచేతిలో వేయించుకుని, రుచి చూసి, అరకేజీ అడగబోయి కేజీ పట్టుకెళ్తున్నారు. వ్యాపారం ఇంత సాఫీగా సాగుతుంటే చూస్తూ ఊరుకోలేం కదా! పక్కవీధి స్వీట్ల కొట్టాయన వెబ్‌సైట్ పెట్టాడు. కాబట్టి మీరూ పెట్టాలి. అనుభవం లేదంటారా? ఈ పనికి అసలు అర్హతే అది. తెలిసినవాడు కడితే నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ముందు డొమైన్, అంటే చిరునామా. బోర్డు మీద పేరు ఎలా ఉందో అలాగే పెడితే జనం గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. 'పచ్చళ్ళు' అన్న మాటను ఇంగ్లీషులో రాయడానికి 'సి'లు ఎన్ని, 'హెచ్'లు ఎన్ని, 'ఎల్'లు ఎన్ని అన్నది ఎవరింట్లో వాళ్ళది. అందులో ఎవ్వరూ రాయనిది వెతికి పట్టుకోండి. మధ్యలో రెండు హైఫన్లు, చివర 'వరల్డ్' తగిలించండి. తెలుగు లిపిలోనే, చివర '.భారత్' అని వచ్చే చిరునామా కూడా దొరుకుతుంది. ఈ సంగతి మనలో మనకే ఉండనివ్వండి.

డొమైన్‌ని మీ పేరు మీద మాత్రం కొనకండి. బీటెక్ చదివే బావమరిది కొడుకున్నాడు కదా, వాడి మెయిల్, వాడి ఫోన్ నంబరుతో కొనిపించండి. రేపు వాడు ఎమ్మెస్‌కని ఎగిరిపోతాడు, పాత సిమ్ముతోపాటు ఓటీపీలూ పోతాయి. రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్ళన్నీ వాడు కాలేజీలో వాడి వదిలేసిన మెయిల్‌కి పద్ధతిగా చేరుతుంటాయి. '.కామ్' గడువు దాటాక కూడా విడిపించుకోవడానికి కొన్నాళ్ళు వ్యవధి ఇస్తారు. చివర్లో 30 రోజులైతే మామూలు రుసుముకి ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మీ తాతగారి పేరున్న చిరునామాలో ఎవరో రమ్మీ ఆడిస్తుంటారు. ఆయన పేకాట కోసం ఊళ్ళు తిరిగిన మనిషే అయితే సంతోషిస్తారు కూడా.

హోస్టింగ్, అంటే సైట్‌ని ఉంచే అద్దె చోటు. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మొదటి ఏడాది చవక ధర పెద్దక్షరాల్లో, ఆ తర్వాతి ధర చిన్నక్షరాల్లో ఉంటాయి. పెద్దక్షరాలు చదివితే చాలు. సైట్‌కి భద్రత ఇచ్చే సర్టిఫికెట్ ఉచితంగా వచ్చే రోజులు ఇవి. అయినా పెట్టకండి. 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ అది లేని సైట్లను పేరుపెట్టి 'నాట్ సెక్యూర్' అంటోంది. కార్డు నంబరు కొట్టబోయినవాడు అది చూసి ఆగిపోతాడు. ఒక పార్సిల్ తగ్గింది, మీకు ఆ మేరకు శ్రమ తప్పింది.

ఇక కట్టుబడి. వర్డ్‌ప్రెస్ అని ఒకటుంది, 2003లో మొదలైంది. ఉచితం. ప్రపంచంలో నూటికి నలభైకి పైగా సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. దాంట్లో టెంప్లేట్లు వేలల్లో ఉంటాయి. తిండి పదార్థాలకు సరిపడేవి వదిలేసి, 'కార్పొరేట్' అని ఉన్నది తీసుకోండి. అందులో అద్దాల మేడలు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వుతున్న తెల్లమ్మాయి, చేతులు కలుపుకుంటున్న ఇద్దరు కోటు మనుషులు ముందే ఉంటారు. వాళ్ళను కదపకండి. ఏ ఇద్దరు కోట్లు వేసుకుని గోంగూర గురించి ఒప్పందం కుదుర్చుకున్నారా అని చూసినవాడు ఆలోచించుకుంటాడు. ఖాళీలు నింపడానికి టెంప్లేటువాడు వదిలిన లాటిన్ ముక్క కూడా ఉండనివ్వండి. సిసిరో అనే రోమన్ పండితుడు క్రీస్తుపూర్వం 45లో మంచిచెడుల మీద రాసిన పుస్తకాన్ని ముక్కలు చేస్తే వచ్చిన రాత అది. ఉసిరి పచ్చడి కింద అంతకన్నా బరువైన మాటలు మీరు రాయగలరా?

తెలుగు పెట్టాలా వద్దా అన్నది అసలు సమస్య. పెట్టకపోతే పేచీ లేదు. పెడితే సరైన పద్ధతిలో పెట్టాలి. కొట్టు ఫ్లెక్సీ కొట్టించిన డీటీపీ అబ్బాయి దగ్గర మేటర్ సిద్ధంగా ఉంటుంది, అను ఫాంట్లలో. దాన్నే కాపీ చేసి అతికించండి. ఆ పాత ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగే కానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ యూరప్ భాషల గుర్తులూ. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో 'అల్లం పచ్చడి' అని ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలున్న 'యు', తోకున్న 'సి', ఓ డాలర్ గుర్తు, సగం బ్రాకెట్ కనిపిస్తాయి. వెబ్‌సైట్ అనేది జనంలోకి వచ్చిన 1991లోనే, అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఇచ్చారు. ముప్పై ఏళ్ళు దాటినా వాటిని ముట్టుకోకుండా ఫ్లెక్సీ మేటర్‌తోనే నెట్టుకొస్తున్నవాళ్ళున్నారు. ఆ నిగ్రహం అలవరచుకోవాలి.

ఎవరో చాదస్తుడు మీచేత యూనికోడ్ వాడించాడే అనుకుందాం. అప్పుడైనా వరసల మధ్య ఎడాన్ని ముట్టుకోకండి. టెంప్లేట్ ఇంగ్లీషు కొలతలకు చేసింది. ఆ భాషకు కింద వత్తులు వేలాడవు, నెత్తిన గుడులు లేవవు. దాంతో పై వరసలో 'స్వచ్ఛమైన' అన్నప్పుడు వేలాడే ఛ వత్తు వెళ్ళి కింది వరసలో 'నిమ్మకాయ' గుడిలో ఇరుక్కుంటుంది. రెండూ కలిసి పుట్టించే అక్షరం మన వర్ణమాలలో లేదు. ఇంకా గట్టిగా ఉండాలంటే, మండలి, గురజాడ, రామభద్ర లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, వాటిలో శీర్షికల కోసం లావుగా గీసిన రామభద్రతో పేజీలకు పేజీలు నింపండి. చదివేవాడిని మనం తిడుతున్నట్టుంటుంది.

ఫోటోలు మీరే తీయండి. రాత్రి, ట్యూబ్‌లైట్ కింద, జాడీకి ఆనించిన చెంచాతో సహా. వెనకాల క్యాలెండర్, దాని పక్కన ఆరేసిన తువ్వాలు పడితే నమ్మకం పెరుగుతుంది. ఫోన్ కెమెరా ఇచ్చే నాలుగు వేల పిక్సెళ్ళ వెడల్పు బొమ్మను తగ్గించకుండా యథాతథంగా ఎక్కించండి. చూసేవాడి ఫోన్ తెర వెయ్యి పిక్సెళ్ళ పైచిలుకే అయితే అది వాడి ఖర్మ. ఒక్కో బొమ్మ నాలుగైదు ఎంబీలుంటే, పదిరకాల పచ్చళ్ళకు యాభై ఎంబీలు. కుదించి రెండు వందల కేబీకి తెచ్చినా కంటికి తేడా తెలియదంటారు, నమ్మకండి. ఆవకాయ పెట్టాక మూడో రోజున తిరగ కలుపుతాం, బొమ్మ కూడా ఆపాటికి తెరుచుకుంటుంది. వీటిల్లో ఐదింటిని మొదటి పేజీలో స్లైడర్‌గా తిప్పండి. మనిషి సగం చదివేసరికి పక్కకు జరిగిపోవాలి. వాడు వెనక్కి తిప్పుకోబోయే సరికి 'మా వార్తాలేఖకు చందాదారులు కండి' అనే పెట్టె తెర మొత్తం కప్పెయ్యాలి. పచ్చళ్ళ కొట్టుకు వార్తలేముంటాయని అడుగుతారేమో, చందా కట్టినవాడు ఎటూ లేడు.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, సెర్న్ పరిశోధనా సంస్థలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్‌లో ఒక్క బొమ్మ లేదు. మాటలు, వాటి నుంచి ఇంకో పేజీకి దారులు, అంతే. పాపం, ఆయన దగ్గర పచ్చళ్ళు ఎవరూ కొనలేదు.

'మా గురించి' పేజీ మీద మీ ప్రతాపమంతా చూపండి. 'ప్రపంచస్థాయి ఊరగాయ పరిష్కారాల ద్వారా వినియోగదారుల జీవితాలకు విలువ జోడించడం మా విజన్' అని మొదలుపెట్టండి. దాని కింద మిషన్, ఆ కింద కోర్ వాల్యూస్. డాలస్‌లో అర్ధరాత్రి పప్పన్నం ముందు కూర్చుని మీ పేజీ తెరిచిన మనిషికి కావాల్సింది ఇదే కదా! ఇలా కాకుండా కాయ కొత్తపల్లి కొబ్బరా, జలాలా, ముక్క టెంకతో కొడతారా, వేసేది పప్పు నూనేనా, కారం ఎక్కడిది, వెల్లుల్లి లేనిది చేస్తారా అన్నవి రాశారనుకోండి, మీ పరువేముంటుంది? అవి కొట్టులో ముసలమ్మలు అడిగే ప్రశ్నలు. వాళ్ళు తృప్తిపడితే కేజీలకు కేజీలు కట్టించుకుపోయే మాట నిజమే కానీ, విజన్ ఉన్నవాళ్ళు అలాంటివాటికి లొంగకూడదు.

ధర ఎక్కడా రాయొద్దు. 'ధర కోసం సంప్రదించండి' అన్న మాటలో ఓ దర్జా ఉంది. ఇక సంప్రదించడానికి ఫోన్ నంబరు పెట్టక తప్పదంటే బొమ్మలో పెట్టండి. అక్షరాల్లో పెట్టి చిన్న లింకు ఇస్తే, ఫోన్‌లో వేలు తగలగానే కాల్ వచ్చేస్తుంది, అంత చనువు ఎందుకు? బొమ్మలో ఉంటే వాడు కాగితం మీద రాసుకోవాలి, పెన్ను వెతకాలి, ఆ లోపల మనసు మారే వీలుంటుంది. సంప్రదింపు ఫారంలో ఊరు, పిన్‌కోడ్, వృత్తి, పుట్టినరోజు అన్నిటికీ ఎర్రచుక్క పెట్టి తప్పనిసరి చేయండి. ఆ ఫారం వెళ్ళే మెయిల్ కూడా బావమరిది కొడుకుదే.

చట్టం జోలికి వెళ్ళకపోవడమే మంచిది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారి అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్‌లో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కొనేవాడి సమ్మతిని మనమే ముందుగా టిక్కు కొట్టి ఉంచకూడదు. అమ్మేవాడే కొనేవాడి వేషం కట్టి పొగడ్తలు రాసుకోకూడదు. ఇన్ని 'కూడదు'లు చదివితే చేతులు ఆడవు. అందుకని 'గిఫ్ట్ ప్యాకింగ్' గడిలో టిక్కు మీరే కొట్టేసి, ఐదు నక్షత్రాల సమీక్షలు ఇంట్లోవాళ్ళ చేత రాయించండి. అందరూ ఒకేరోజు, ఒకే వాక్యంలో, ఒకే అచ్చుతప్పుతో మెచ్చుకుంటే కుటుంబం ఐకమత్యంగా ఉందని తెలుస్తుంది. ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు జాడీ లేబుల్ మీద ఉంటే ఉందిలెండి, సైట్‌లో మాత్రం దాని జాడ తెలియనివ్వకండి. నియమ నిబంధనల పేజీని వేరే ఎవరిదగ్గర నుంచైనా ఎత్తుకురండి, అందరూ చేసేదే. ఒకే షరతు, తెచ్చినదాన్ని చదవకూడదు. చదవకపోతేనే 'ఈ ఒప్పందం ఇంగ్లండ్, వేల్స్ చట్టాలకు లోబడి ఉంటుంది' అన్న వాక్యం రాజమండ్రి మాగాయ కింద నిలబడుతుంది. 'ఒకసారి కూడా తొడగని పక్షంలో, ట్యాగ్ తీయకుండా 15 రోజుల్లో తిరిగి పంపవచ్చు' అన్నది చింతకాయ తొక్కుకు వర్తిస్తుంది.

చివరగా ఒక గడి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో 'రీడింగ్' కింద, సెర్చ్ ఇంజిన్లను ఈ సైట్‌ని పట్టించుకోవద్దని కోరే చిన్న టిక్కు ఉంటుంది. పని నడుస్తున్నప్పుడు సగం కట్టిన పేజీలు బయటపడకుండా దాన్ని పెడతారు, అయ్యాక తీసేస్తారు. మీరు తీయకండి. దీనంత చవకగా, దీనంత సమర్థంగా పనిచేసేది ఇంకొకటి లేదు. కొట్టు పేరు అచ్చంగా కొట్టి వెతికినా గూగుల్ పక్కవీధి స్వీట్ల కొట్టునే చూపిస్తుంది. మ్యాప్‌లో కొట్టును ఉచితంగా నమోదు చేసుకునే వీలుంది కదా, మళ్ళీ దాంతో అవస్థ తెచ్చుకోకండి. జనం నేరుగా గుమ్మంలోకొచ్చేస్తారు.

మంచి ముహూర్తం చూసి ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి సైట్ తెరవండి. కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద పడకుండా చూసుకోండి, ఈ వ్యాసంలో నిఖార్సైన సలహా ఇదొక్కటే. ఆ రోజు ఫేస్‌బుక్‌లో పడే దండాలూ బొకేలూ లెక్కపెట్టుకుని, తర్వాత ఆ సైట్ ముఖం చూడకండి. సంక్రాంతి ఆఫర్ వినాయక చవితి దాకా తిరుగుతూ ఉండనివ్వండి.

ఇంత చేసినా ఎక్కడో ఒకడు మొండివాడు ఉంటాడు. వాళ్ళమ్మ పంపిన పాత జాడీ మూత మీద నంబరు చూసి ఫోన్ చేస్తాడు.

"ఏవండీ, ఆవకాయ కేజీ ఎంతండీ? అమెరికా పంపుతారా?"

"అన్నీ మా వెబ్‌సైట్‌లో పెట్టాం సార్, చూసుకోండి."

"చూశానండీ, అందులో ధర లేదు."

"అయితే వాట్సాప్‌లో హాయ్ అని పెట్టండి, లిస్టు ఫోటో కొట్టి పంపిస్తాం."