జహీరాబాదు సందేశం: సటీకాతాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మా పాత మెదక్ జిల్లా మనిషే. కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడు, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ ఒట్టు కుదరదు. నేను వ్యాఖ్య రాస్తున్నది మా అక్క పంపిన వాయిస్ మెసేజ్‌కు. అందులో అసలు సంగతంతా మూలంలో లేనిదే.

యక్షుడికి ఒక మబ్బు దొరికింది, కబురు చెప్పవలసిన మనిషి కూడా ఒక్కతే. మా అక్కకు వాట్సాప్ దొరికింది కానీ, కబురు చెప్పవలసినవాళ్ళు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. బీదర్‌లో చెల్లెలు, ఉద్గీర్‌లో ఆడబిడ్డ. ఆడపిల్లలను అంత దూరం ఎందుకిచ్చారని అడగవద్దు. ఎవరూ దూరం ఇవ్వలేదు. 1956 నవంబర్ 1కి ముందు జహీరాబాదు, నారాయణఖేడు, బీదరు, ఉద్గీరు అన్నీ హైదరాబాదు రాష్ట్రంలో ఒకే బీదర్ జిల్లా తాలూకాలు. ఆ రోజున జహీరాబాదు, నారాయణఖేడు మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. బీదర్ మైసూరుకు పోయింది, ఉద్గీర్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. హద్దురాళ్ళు పాతినవాళ్ళు పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఆ సంగతి చెప్పినట్టు లేదు, సంబంధాలు ఇప్పటికీ పాత జిల్లాలోనే వెతుకుతున్నారు. మా అక్క అత్తగారి ఇల్లయితే నిలబడ్డచోటే నిలబడి బీదర్, మెదక్ అయి, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది.

ఇక పాఠశుద్ధి. మైకు గుర్తు మీద వేలు చివరిదాకా ఆనించి ఉంచడం అక్కకు చేతకాదు కనుక ఫోన్ పట్టుకున్నది నేను. మైకంటే భయమేమీ లేదు. ఈ చుట్టుపట్ల ఆడవాళ్ళకు మైకు కొత్త కాదు, పక్కన మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. అక్కకున్న ఇబ్బందల్లా మాట్లాడేటప్పుడు చేతులు కూడా మాట్లాడాలి. ఒకే కబురును రెండుసార్లు, ఇద్దరికి విడివిడిగా చెప్పింది. ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది కదా అన్నాను. "నీకు తెల్వది, ఊకో" అంది. ఆ తెలియనిది ఏమిటో తేల్చడమే ఈ వ్యాఖ్య ప్రయోజనం.

మూలం: "ఏం చెల్లే, ఆరామున్నరా? మేమైతే మంచిగనే ఉన్నం."

టీక: ఆరామున్నరా = ఉభయకుశలోపరి. వెనక కార్డుముక్క మీద ఒక మూల ఇమిడిపోయిన మాటే ఇది. మేమైతే = 'అయితే' అనడం చేత, మీ సంగతి మాకెలా తెలుస్తుంది, ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో గుర్తుందా అని నిష్ఠూరం. మంచిగనే = ఇక్కడి ఏకారం జాగ్రత్తగా గమనించాలి. మంచిగ ఉన్నం అంటే మంచిగా ఉన్నట్టు. మంచిగనే ఉన్నం అంటే చెప్పవలసింది ఒకటుంది, ఇంకా వేళ కాలేదు అని.

మూలం: "వానలు జర ఎక్కువనే పడ్డయి. అల్లం మంచిగనే ఉన్నది. ధర సంగతి దేవునికే ఎరుక."

టీక: జహీరాబాదు ఎర్రనేలలో చెరకు, ఆలుగడ్డ, పసుపు ఎన్ని పండినా పరువు అల్లానిది. వానలకు ముందు విత్తనం దుంప పెడితే చేతికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. ఆడపిల్ల పెళ్ళికి పెట్టుకున్నంత పెట్టుబడి దాని కిందే పెడతారు. దీనికి నీళ్ళు కావాలి, నిలవకూడదు. నిలిచాయా, దుంపకుళ్ళు వస్తుంది. మా బావ పొద్దున లేచి మొహం కడగకముందే చేను పల్లపు మూలకు పోతాడు. ఆకు అంచు పసుపెక్కిన మొక్కను చూసి, కాడను మొదట్లో రెండు వేళ్ళతో పట్టి పైకి లాగుతాడు. దుంప భూమిలోనే ఉండి కాడ ఒక్కటీ మెత్తగా చేతికొచ్చిందంటే కింద పని అయిపోయినట్టు. అప్పుడు వేళ్ళు వాసన చూసుకుంటాడు. వచ్చి చాయ్ అడగకుండా అరుగు మీద కూర్చుంటే ఆ రోజు కాడ చేతికొచ్చిందని ఇంట్లోవాళ్ళు తెలుసుకుంటారు.

తాత్పర్యం: పల్లం మళ్ళు పోయాయి, మిట్ట మీదివి నిలిచాయి. రెండూ కలిపితే 'మంచిగనే' అయింది.

శంక: ధర దేవుడికే తెలియడమేమిటి? పొద్దెక్కేసరికి మార్కెట్టు ధర ఊళ్ళో ప్రతి ఫోన్‌కూ వస్తుంది కదా?
సమాధానం: వస్తుంది. అక్కకు కూడా తెలుసు. కానీ ధర చెబితే దాన్ని ఎకరాలతో గుణించే చుట్టాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. దేవుడు ఎవరికీ చేబదులు ఇవ్వడు కనుక లెక్క ఆయన దగ్గర భద్రం.

మూలం: "పెద్దోడు పొద్దుగాల షిఫ్టుకు పోతుండు."

టీక: పెద్దోడు = అక్క పెద్దకొడుకు. షిఫ్టు ఎక్కడో చెప్పలేదు. జహీరాబాదులో కంపెనీ అంటే చాలు, 1980లలో ఆల్విన్ నిస్సాన్‌గా మొదలై మహీంద్ర చేతికి వచ్చిన బండ్ల కార్ఖానా కావచ్చు, తర్వాత వచ్చిన ట్రాక్టర్ల ప్లాంటు కావచ్చు, వాటికి సామాన్లు చేసే చిన్న షెడ్లలో ఒకటి కావచ్చు. పెళ్ళి మాటల్లో ఈ తేడా కూడా ఎవరూ పట్టించుకోరు. అడిగేది ఒక్కటే: పర్మినెంటా, కాంట్రాక్టా?

పాఠాంతరం: ఈ వాక్యం తర్వాత బీదర్ ప్రతిలో "వచ్చే యేటికి పర్మినెంట్ అయితడంట" అని ఉంది. ఉద్గీర్ ప్రతిలో "ఇంక కాంట్రాక్టే, ఏం భరోస వదినె" అని ఉంది. రెండు ప్రతులకూ నడుమ పట్టిన కాలం నేను చాయ్ తాగినంత. అంతలో ఆ పిల్లవాడి కొలువు మారే అవకాశం లేదు. కనుక ఇది లేఖక దోషం కాదు, బుద్ధిపూర్వకం. కారణం ముందు తేలుతుంది.

మూలం: "చిన్నది ఇంటర్ల ఉన్నది."

టీక: స్పష్టం. (ఈ 'స్పష్టం' మీద చిన్నదానికి అభ్యంతరం ఉంది. అన్న షిఫ్టుకు పాఠాంతరాలుండి, తన మార్కులకు ఒక్క మాట లేకపోవడం అన్యాయమంటుంది. నిజమే.)

మూలం: "మీ బావ మోకాళ్ళు గట్లనే ఉన్నయి."

పాఠాంతరం: 'మీ అన్న మోకాళ్ళు' అని ఉద్గీర్ ప్రతి.

టీక: మోకాళ్ళు అవే, మారింది చుట్టరికం. చెల్లెలితో అన్నప్పుడు ఇది గోడు. ఆడబిడ్డతో అన్నప్పుడు ఫిర్యాదు: మీ అమ్మగారింట్లో పెట్టి పంపిన మోకాళ్ళివి, నేనొచ్చాక చెడినవి కావు.

మూలం: "కోహీర్ జాంకాయలు పంపుదమంటే మనిషి దొరుకుతలేడు. నువ్వే రారాదు?"

టీక: కోహీర్ జామ ఇక్కడ పేరున్న పండు. బస్సులో పంపితే నలుగుతుందని సాకు. మనసులో ఉన్నది చెల్లెలు రావాలని. ఇక్కడ బస్సుల శాస్త్రం కొంత తెలియాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి, కర్ణాటకలో అదే ఏడు జూన్ నుంచి శక్తి. రెండుచోట్లా ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, కాకపోతే ఎవరి ఆధార్ వాళ్ళ రాష్ట్రంలోనే చెల్లుతుంది. అక్క హద్దుదాకా జీరో టికెట్టు మీద పోగలదు, అవతల పైసలివ్వాలి. చెల్లెలికి తిరగేసి. అందువల్ల ముందు ఎవరు రావాలన్న పాత తగువు ఇప్పుడు ఎవరికి ఎన్ని కిలోమీటర్లు ఉచితమన్న లెక్కలోకి దిగింది. ఉద్గీర్ ప్రతిలో జాంకాయలు లేవు.

మూలం: "ఇంటికి సున్నం ఏస్తున్నం."

పూర్వపక్షం: పండుగకు ఇల్లు సున్నం వేసుకోవడం లోకాచారం, ఇందులో వ్యాఖ్యానించేందుకు ఏముంది?
సిద్ధాంతం: దసరా పోయింది, దీపావళి పోయింది, కార్తీకం నడుస్తోంది. దసరాకు ఎందుకు వేయలేదంటే పైసలు అల్లం కింద ఉన్నాయన్నారు. పైసలు ఇంకా అల్లం కిందే ఉన్నాయి. అయినా నిచ్చెన గోడకు చేరింది. పైగా సున్నమన్నది మాటవరసకే, తెచ్చింది పెయింటు డబ్బాలు. ముందు గదికి, వాకిలి గోడకు మాత్రమే వేస్తున్నారు. వంటింటికి లేదు. చూడవచ్చేవాళ్ళు వంటింట్లోకి పోరు కదా.

మూలం: "ఇంకేమున్నది, అంతే."

టీక: కొత్త శ్రోతలు ఇక్కడ ఫోన్ కింద పెట్టేస్తారు. అలవాటున్నవాళ్ళు చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంటారు. ఇంతదాకా జరిగింది నాంది. మా వైపు ఏ కబురైనా 'అంతే' అన్న తర్వాతనే మొదలవుతుంది.

మూలం: "ఆఁ, చెప్పుడే మర్సిన. ఖేడ్ నుంచి ఒగలు వచ్చి చాయ్ తాగి పోయిన్రు."

టీక: చెప్పుడే మర్సిన = పొద్దుటినుంచి ఇది చెప్పడానికే ఫోన్ చార్జింగు పెట్టుకుని కూర్చున్నది. ఖేడ్ = నారాయణఖేడ్. ఒగలు = ఏకవచనమని భ్రమపడరాదు. ఆ రోజు నేను లోపలికి పోవాలంటే గడప ముందు చెప్పుల గుంపు దాటుకుని పోవలసి వచ్చింది, అందులో పిల్లల బూట్లు కూడా ఉన్నాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారంటే మాట చాలా దూరం పోయినట్టు. చాయ్ తాగి = చక్కెర ఎక్కువైందనో, ఇప్పుడే తాగి వచ్చామనో అనలేదు. అందరూ తాగారు. కప్పులు చాలక స్టీలు గ్లాసుల్లో పోశారు, వాళ్ళేమీ అనుకోలేదు. ఖాయమైనట్టే.

పాఠాంతరం: ఈ వాక్యం ఉద్గీర్ ప్రతిలో లేదు. అక్కడ 'అంతే' అంటే అంతే.

ఇప్పుడు పై చిక్కులన్నీ విడిపోతాయి. ఉద్గీర్ ఆడబిడ్డకు ఒక కూతురుంది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గర నిలబడి "ఇది మా పెద్దోనికే" అన్నది మా బావ. మేనరికం మాట, అందరి ముందూ అన్నాడు. అందుకే ఉద్గీర్ ప్రతిలో పిల్లవాడి కొలువు కాంట్రాక్టు అయింది, ఏ భరోసా లేకుండా పోయింది, జాంకాయలు కూడా రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు లాతూరులో నర్సింగు చదువుతోంది. జహీరాబాదు రావాలన్న ఆలోచన ఆమెకు కలలో కూడా ఉన్నట్టు లేదు. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు కనుక మూలంలోకి ఎక్కలేదు.

కవులకైనా ఒకచోట తొట్రుపాటు తప్పదు. అక్క ఉద్గీర్ ప్రతిలో కొలువు మార్చింది, ఖేడ్‌వాళ్ళను తీసేసింది, సున్నం మాత్రం మరచి ఉంచేసింది. గంట దాటకముందే జవాబు వచ్చింది.

మూలం: "దసరా అయి ఎన్నొద్దులాయె, గిప్పుడు సున్నమెందుకు వదినె? రంగు ఏమేస్తున్నరు?"

టీక: మొదటి వాక్యం ప్రశ్న కాదు, తీర్పు. రెండో దాంట్లో రంగు = ముహూర్తం. ఈవిడకు ఏ వ్యాఖ్యాతా అక్కరలేదు.

అక్క రెండుసార్లు విని, ఫోన్ తీసుకుపోయి బావ ఒళ్ళో పెట్టింది. "మీ చెల్లె. మీ మాట. మీరే చెప్పుండ్రి" అంది. బావ ఆ ఫోన్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నాకిచ్చి, చేనుకు నీళ్ళు పెట్టేదుందని లేచాడు. మోకాళ్ళ సంగతి గుర్తే లేదు. ఆ చేనుకు నిన్ననే నీళ్ళు పెట్టాడు, అల్లానికి అన్ని నీళ్ళు మంచివి కావని పైనే రాశాను.