సంచిలో అన్నీ ఉన్నాయి

మా సైకిల్ బృందంలో పంక్చర్ల సంగతికి పెద్దదిక్కు నేనే. ట్యూబ్‌లెస్ టైర్ల సైకిలుతో ఎవరు కొత్తగా చేరినా ఆదివారం టిఫిన్ దగ్గర నా క్లాసు తప్పదు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న దగ్గర ఎత్తుకుని, ఫ్రాన్సులో మావిక్ కంపెనీ 1999లో కొండ సైకిళ్లకు ట్యూబు అక్కర్లేని చక్రం తెచ్చినదాకా వచ్చేసరికి ఇడ్లీ చల్లారేది. అప్పుడు సీటు కింది సంచి విప్పి ఒక్కో సామానూ బల్ల మీద పరిచేవాణ్ణి.

"ట్యూబ్‌లెస్ అంటే పంక్చరే కాదనుకోకండి. లోపల పోసే సీలెంటు ఒక రకం రబ్బరు పాలు. ముల్లు దిగితే ఆ పాలు చిల్లిలోకి వచ్చి గడ్డకడతాయి. చిన్న చిల్లులకే అది. అంతకంటే పెద్దదైతే ఇదిగో ప్లగ్గు, బంక పట్టించిన తాడుముక్క. సూదికి ఎక్కించి చిల్లిలో పొడవాలి. టైరు పక్కవాటు చీలిందా, ప్లగ్గు కూడా నిలవదు. లోపలివైపు పాత టైరు ముక్క ఒకటి అడ్డుపెట్టి ట్యూబు వేసుకోవాల్సిందే."

"ట్యూబు లేని టైరుకు ట్యూబు మోయాలా సార్?" అని ఎవరో ఒకరు తప్పకుండా నవ్వేవాళ్లు.

"మోయాలి. దాన్ని కూడా పాత సాక్సులో పెట్టి మోయాలి. లేకపోతే సంచిలో టైరు విప్పే లివర్లకు ఒరుసుకుని, వాడకముందే చిల్లి పడుతుంది. గాలికి పదహారు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళికలు రెండు. అవి అయిపోతే చేతి పంపు."

చేతి పంపు ఫొటో మాత్రమే చూపించేవాణ్ణి. బరువని నాది ఇంట్లో మేకుకు తగిలించి ఉండేది.

చివరికి వేలెత్తి చెప్పేవాణ్ణి: "ఏం మరిచినా ఇది మరవకండి. నెలకోసారి సంచి విప్పి చూసుకోవాలి."

ఉగాది వెళ్లిన ఆదివారం ఒక్కణ్ణే అనంతగిరి ఎక్కి తిరిగొస్తున్నాను. వికారాబాద్ దాటి ఆరేడు కిలోమీటర్లు వచ్చానో లేదో, గుంత అంచున లేచి ఉన్న రాయి వెనక టైరు పక్కను కోసింది. బొటనవేలి గోరంత చీలిక. చక్రం గిరగిరా తిప్పాను, పాలు వచ్చి పూడుస్తాయేమోనని. చుక్క రాలేదు. టైరు విప్పి చూస్తే లోపలంతా కాగి చల్లారిన పాల మీది మీగడలా ఎండి అట్టకట్టి ఉంది. దసరాకు పోసిన సీలెంటు అది. ఎండాకాలంలో రెండు మూడు నెలలకే ఆరిపోతుందని చెప్పే పెద్దమనిషినీ నేనే.

ప్లగ్గు పొడిచి మొదటి గుళిక గాలి కొట్టాను. గాలితో పాటు ప్లగ్గూ ఎగిరి రోడ్డవతల పడింది.

సరే, ట్యూబు వేద్దామని కూర్చున్నాను. ట్యూబు వేయాలంటే ముందు రిమ్ముకున్న ట్యూబ్‌లెస్ వాల్వు తీయాలి. దాని నట్టును వేళ్లతోనే బిగించాలి, పట్టకారు తగలకూడదు. క్లాసులో అదీ చెబుతాను. దసరానాడు కాస్త గాలి కారుతోందని నేనే పట్టకారు పెట్టి బిగించాను. ఇప్పుడు వేళ్లు ఎర్రబడ్డాయిగాని నట్టు కదల్లేదు. పాల క్యాన్లతో వెళుతున్న ఒకాయన బైకు ఆపి, సీటు కింది పట్టకారుతో ఒక్క తిప్పు తిప్పి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

చీలికకు అడ్డం పెట్టే టైరు ముక్క కోసం చూస్తే లేదు. క్లాసులో చూడమని ఎవరికిచ్చానో, అది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. జేబులో ఐదొందల నోటు ఒకటుంది. మన నోటు మామూలు కాగితం కాదు, నూలు. పదిహేను సెంటీమీటర్ల పొడవు, దాదాపు ఆరున్నర వెడల్పు. నాలుగు మడతలేస్తే గట్టి అట్టే. దాన్ని చీలిక వెనక పెట్టి ట్యూబు కూర్చి రెండో గుళిక కొట్టాను. చక్రం రాయిలా బిగిసింది. నా తెలివికి నేనే మురిసిపోయి సైకిలెక్కాను.

రెండు కిలోమీటర్లు వెళ్లానో లేదో, మళ్లీ బుస్సుమంది.

ఇక నడకే. ఎండలో అరగంట నెట్టుకుంటూ వెళ్తే రోడ్డు పక్కన మర్రిచెట్టు, దాని కొమ్మకు వేలాడే లారీ టైరు, కింద నీళ్ల తొట్టి, బైకులకు గాలి కొట్టే చిన్న కంప్రెషరు కనబడ్డాయి. ముసలాయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని లేచాడు.

"సైకిలు నిన్ను మోస్తలేదు, నువ్వే సైకిలును మోస్తున్నవేంది బిడ్డా?"

కథంతా చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"ట్యూబు ఏసేముందు టైరు లోపల చెయ్యి పెట్టి తడిమినవా?"

లేదు. తడమలేదు.

తాత చిటికెడు దూది తీసి టైరు లోపలి అంచంతా మెల్లగా తుడుచుకుంటూ పోయాడు. దూది ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆగి, పట్టకారుతో లాగి, పాత పేపరు ముక్క మీద పెట్టసాగాడు. అన్నీ పల్లేరు ముళ్లే, మధ్యలో ఒకటో రెండో తుమ్మముళ్లు. అమెరికా పశ్చిమాన సైకిళ్లవాళ్లు మేకతల అని పేరుపెట్టి తిట్టుకునేది ఈ పల్లేరుకాయనే. ఇన్ని నెలలుగా ఇవి నా టైరులో ఉన్నట్టే నాకు తెలియదు. సీలెంటు ఉన్నన్నాళ్లూ ముల్లు దిగిన చోటే అది పూడుకుపోతుంది, చప్పుడుండదు. లోపలికి ట్యూబు వచ్చాక ఆ ముళ్లన్నీ పైకి లేచిన సూదులే.

అంతలో ఇంటినుంచి ఫోను. ఇంకా ఎక్కడున్నావని మొదలైన మాట ఎటెటో పోయింది. చెట్టు అవతలికి వెళ్లి పావుగంట సర్దిచెప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి ట్యూబుకు ప్యాచీ పడింది, టైరు ఎక్కింది. నా సన్న వాల్వుకు ఆయన కంప్రెషరు పట్టదే అని నేను నసుగుతుంటే, రేకు డబ్బా గలగలలాడించి వేలి కొసంత ఇత్తడి అడాప్టరు తీశాడు.

"ఇది లేక మీ అసుంటోళ్లు వారానికొకలు వస్తరు. ఉంచుకో, నా తాన ఇంకోటున్నది."

గాలి పట్టాడు. ఫోను మళ్లీ మోగింది. చెవికి పెట్టుకున్నాను.

"నీ సామాను సంచిల పెట్టిన బిడ్డా, సూస్కో."

చూడకుండానే తల ఊపి జిప్పు లాగేశాను. పైసలెంత అంటే నలభై అన్నాడు. ఆయన దగ్గర స్కానరు లేదు. పక్క టీకొట్టులో ఫోనుతో కట్టి, వాళ్ల దగ్గర నోట్లు తీసుకుని ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరాను.

రెండు రోజుల తరవాత కొత్త టైరు వేద్దామని పాతది విప్పాను. చీలిక వెనక చక్కగా కత్తిరించిన పాత సైకిలు టైరు ముక్క ఉంది. నోటు లేదు.

ఒళ్లు మండిపోయింది. నలభై అడిగి ఐదొందలు నొక్కేశాడు ముసలాయన! నేను ఫోనులో ఉండడం చూసి మరీ! ఆ ట్యూబు మేకుకు తగిలించాను, చేతి పంపు పక్కనే. కొత్త టైరులో కొత్త సీలెంటు పోశాను. సంచి ఎలాగూ సర్దే ఉంది కదా అని దాని జోలికి పోలేదు.

ఆ తరవాతి ఆదివారం నా క్లాసులో కొత్త పాఠం చేరింది. "సామాను మీరే మోయండి, దారిలో ఎవరినీ నమ్మకండి. ముఖ్యంగా వికారాబాద్ రోడ్డులో మర్రిచెట్టు కింది ముసలాయన్ని." కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆయన చూపు ఇంకాస్త దొంగచూపయ్యేది. మావాళ్లు ఆయనకు ఐదొందల తాత అని పేరు కూడా పెట్టేశారు.

నెలన్నర గడిచింది. తెల్లవారుజామునే ఎనిమిది మందిమి అనంతగిరి బయల్దేరాం. కొత్తగా చేరిన అమ్మాయి టైరు పక్కవాటు చీలింది, సరిగ్గా ఆ మర్రిచెట్టుకు కూతవేటు దూరంలో. ఆ అమ్మాయి సైకిలు నెట్టుకుంటూ అటు వెళ్లబోయింది.

"అటొద్దు! ఐదొందల తాత!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

నేను దొరలా నవ్వి నా సైకిలు చూపించాను. "సంచిలో అన్నీ ఉన్నాయి. సాక్సులో ట్యూబుంటుంది, తీసుకో అమ్మా."

ఆ అమ్మాయి జిప్పు లాగి ఒక్కొక్కటే తీసి రోడ్డు పక్క రాయి మీద పెట్టింది. లివర్లు. ప్లగ్గుల డబ్బీ. ఖాళీ గుళిక. ఇంకో ఖాళీ గుళిక. ఖాళీ సాక్సు.

"ట్యూబు లేదు సార్. ఇదేదో పొట్లం ఉంది."

పాత పేపరు పొట్లం. విప్పింది. పదకొండు ముళ్లు. వాటి కింద నాలుగు మడతల ఐదొందల నోటు, ఎండిన సీలెంటు మరకలతో.

ఎవరూ మాట్లాడలేదు. అందరి కళ్లూ నా మీద ఉన్నాయి, ఆ అమ్మాయి కళ్లు మాత్రం నోటు మీద. నేనే సైకిలు తీసుకుని మర్రిచెట్టు వైపు నడిచాను. వెనకాల ఏడుగురూ వచ్చారు.

తాత నన్ను గుర్తుపట్టాడు. నా చేతిలో నోటు చూసి నవ్వాడు.

"గది టైరుల పెట్టే సామానా బిడ్డా? నలిగి పాడైతదని తీసి పాత టైరు ముక్క ఏసిన. ముండ్లు గూడ నీకు సూపెడదామనుకున్న. నువ్వు ఫోన్ల ఉంటివి. అందుకే పొట్లం గట్టి సంచిల పెట్టిన. జెప్పిన గద, సూస్కో అని."

మాట రాలేదు. ఆ నోటు ఆయన చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. ఆ అమ్మాయి చక్రం ఒళ్లో పెట్టుకుని దూదితో తడుముతూ, నా సంచి వైపు ఒకసారి చూసి అడిగాడు.

"నెల దాటిపాయె గద బిడ్డా. ఒక్కపారన్న సంచి ఇప్పి సూడలేదా?"

నెలకోసారి సంచి విప్పి చూసుకోవాలని ఆ ఏడుగురికీ నేర్పింది నేనే.