లైట్‌గా వాడిన సరుకు

గుంటూరు మిర్చి యార్డులో కాయ కొనేవాడి కళ్లు గప్పడం బ్రహ్మతరం కాదు. టిక్కీ మూతి దగ్గర నిగనిగలాడే తేజ పరిచి, అడుగున తాలు కూరి చూడండి. బస్తా కోసి, చెయ్యి మోచేతి దాకా దించి, అట్టడుగు కాయే పైకి లాగుతాడు. తొడిమ చూస్తాడు, గుప్పిట్లో నలుపుతాడు. నీళ్లు చల్లి తూకం పెంచిన సరుకైతే తేమ చేతికే తెలిసిపోతుంది, ధర అక్కడికక్కడే కిందికి జారుతుంది.

ఏటా ఈ పరీక్షలకు నిలబడే రైతు, కొడుకు బీటెక్‌లో చేరాడని కంప్యూటర్ కొనడానికి బ్రాడీపేటకో, ఇంకాస్త పట్టుదల ఉంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో బయల్దేరతాడు. అక్కడ పాత గ్రాఫిక్స్ కార్డు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అబ్బాయికి యూట్యూబ్ తెలుసు, నాన్నకు బేరం తెలుసు. ఆ కార్డు సంగతి ఇద్దరికీ తెలియదు.

"ఎన్నాళ్లు వాడారు బాబూ?"

"లైట్‌గా వాడారు బాబాయ్. బ్యాంకు ఆఫీసరు గారిది. మెయిల్స్ చూసుకునేవారంతే."

మెయిల్స్ చూసుకోవడానికి మూడు ఫ్యాన్ల గేమింగ్ కార్డు పెట్టుకున్న ఆ ఆఫీసరు గారు ఏ బ్యాంకులో ఉన్నారో కనుక్కోవాలి, మన డిపాజిట్లు అక్కడుంటే తీసేసుకోవచ్చు. అసలు వైనం వేరు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ, గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు కట్టించే పద్ధతి మానేసింది. ఆ నాణేల కోసం షెడ్లలో రేయింబవళ్లు లెక్కలు కట్టిన కార్డులు ఒక్కరోజులో నిరుద్యోగులయ్యాయి. దుమ్ము దులిపించుకుని, ఒళ్లు తుడిపించుకుని ప్రపంచమంతటా సెకండ్ హ్యాండ్ బజారుకెక్కాయి. ఆ లెక్కల చాకిరీలో, అంటే మైనింగ్‌లో, పనిచేసిన కార్డు ప్రతిదీ చచ్చినట్టే అనను, కొన్ని నిక్షేపంగా నడుస్తాయి. అమ్మేవాడు దాని వయసూ, అది చేసిన చాకిరీ నిజంగా చెబితే చాలు. ఆ నిజానికే బజారులో స్టాకు లేదు.

పేరు మార్చుకున్నవి మరో జాతి. 2010 నాటి జీటీఎస్ 450 కార్డు లోపలి బయోస్‌ను తిరగరాసి, 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐగా చలామణీ చేశారు. విండోస్ కూడా నమ్మి కొత్త పేరుతోనే పిలిచేది. ఈ గొడవ ఎంత ముదిరిందంటే, 2018లో జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి కార్డు పేరు ముందు 'ఫేక్' అని ముద్ర కొట్టడం మొదలుపెట్టింది.

మన బజారే ఇంత అని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2025 జనవరిలో జర్మనీలో కొత్తవని కొన్న సీగేట్ హార్డ్ డిస్కులు పాతవని బయటపడింది. కొన్ని యాభై వేల గంటల దాకా తిరిగినవట, అంటే అయిదేళ్లు దాటి! పైకి కనిపించే గంటల మీటరును ఎవరో సున్నాకి తిప్పేశారు. 'ఫార్మ్' అనే లోపలి చిట్టాలో అసలు లెక్క మిగిలిపోవడంతో దొరికిపోయారు. సీల్ వేసిన డబ్బా మీద జర్మన్లకే దిక్కు లేనప్పుడు, విప్పిన డబ్బా మీద మనకేం దిక్కు?

పవర్ సప్లయ్ దగ్గరికొస్తే మాత్రం మనవాళ్లు గట్టిగా పరీక్ష చేస్తారు. చేత్తో ఎత్తి చూస్తారు. బరువుంటే మంచిదట. ఈ శాస్త్రం చవక సరుకు చేసేవాడు ముందే చదివాడు కాబట్టి లోపల ఇనుప ముక్కొకటి బిగించి పంపాడు. తూకం బాగుంటుంది, ఓల్టేజీని కాచే భాగాలే ఉండవు. మోటార్లన్నీ ఒకేసారి లాగే మన పల్లెల్లో కరెంటు ఎలా ఎగిరి పడుతుందో చెప్పక్కర్లేదు. అలాంటి పవర్ సప్లయ్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు, మదర్‌బోర్డును, డిస్కును, అబ్బాయి ప్రాజెక్టును వెంట తీసుకుపోతుంది.

"బిల్లు?" అని అడిగి చూడండి.

"బిల్లయితే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుద్ది బాబాయ్. టెస్టింగ్ వారంటీ ఉందిగా!"

టెస్టింగ్ వారంటీ అంటే దుకాణంలో వెలిగితే వాడి బాధ్యత, మెట్లు దిగాక మీ జాతకం. పత్తి విత్తనం కొంటే బిల్లూ, ఖాళీ ప్యాకెట్టూ పంట చేతికొచ్చేదాకా దాచమని వ్యవసాయ శాఖ ఏటా మొత్తుకుంటుంది. నకిలీ విత్తనాలతో నిండా మునిగిన ప్రకాశం, గుంటూరు రైతుకు ఆ కాగితం విలువ ఒకరు చెప్పాలా? అదే రైతు కంప్యూటర్ దుకాణంలో పద్దెనిమిది శాతం మిగిలిందని సంతోషంగా బయటికొస్తాడు. రేపు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే చూపించడానికి నల్ల క్యారీబ్యాగు ఉంటుంది. పైగా, కొనేముందు పరీక్షించి తీసుకున్న సరుకులో ఆ పరీక్షకు దొరకాల్సిన లోపం గురించి తర్వాత గోల పెట్టకూడదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ అంటోంది. "చూసుకునే కదా తీసుకెళ్లారు" అని దుకాణదారు అన్నాడంటే ఎల్‌ఎల్‌బీ చదవకపోయినా చట్టం చదివినట్టే.

ఇప్పుడు కొత్త పంట దిగుతోంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలంటున్నారు. దాంతో ఆఫీసులు వదిలించుకునే ఆరు, ఏడు తరాల పెట్టెలు బజారుకొస్తాయి. "పదకొండు పడుద్ది బాబాయ్, మనం పడేస్తాంగా" అంటాడు దుకాణదారు. అడ్డదారిలో పడేస్తాడు, నిజమే. ఆ తర్వాత వచ్చే అప్‌డేట్ల పూచీ మాత్రం మైక్రోసాఫ్ట్‌దీ కాదు, వాడిదీ కాదు.

బస్తా కోసి చూసే పద్ధతి ఇక్కడా ఉంది, ఖర్చు కూడా లేదు. ఒక పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసుకుని, ర్యామ్ కోసం మెమ్‌టెస్ట్ పెట్టుకుని వెళ్లండి. కార్డు మీద లోడు పెట్టి అరగంట నడిపించమనండి. ఉదయం పదిన్నరకే దుకాణదారుకు భోజనం వేళవుతుంది. కుర్రాడికి బ్యాంకు పని గుర్తొస్తుంది. మీరు కుర్చీ లాక్కుని కూర్చుని, పర్లేదు, తినేసి రండి అనండి.